అంబాసిడర్ కింద ఆయిల్ మ్యాట్: నాలుగు నెలలు వాడాక చెప్తున్నా

అందరికీ నమస్కారం. మ్యాట్ సైజు, మందం, ధర ఇవన్నీ మీరు ఈపాటికే చూసి ఉంటారు, డిస్క్రిప్షన్‌లో కూడా పెట్టాను, మళ్లీ చదవను. ముందుగా చెప్పాల్సింది ఒకటుంది. బండి నుంచి కారే ఆయిల్ నేలకు అంటకుండా కింద పరిచే ఈ మ్యాట్‌ను కంపెనీ వాళ్లు ఉచితంగా పంపారు. డబ్బులు ఇవ్వలేదు, వీడియో ముందే చూపించమని అడగలేదు. హన్మకొండలో మా ఇంటి కార్ షెడ్‌లో, మా బాపు కొన్న అంబాసిడర్ కింద నాలుగు నెలలుగా పరిచే ఉంది, వానాకాలం అంతా ఇక్కడే గడిచింది.

బండి మార్క్ 4, 1985 మోడల్, 1489 సీసీ పెట్రోల్ ఇంజన్. పాత అంబాసిడర్ కొత్తగా కొన్నవాళ్లు కామెంట్లలో తరచూ అడుగుతుంటారు, "అన్నా, కింద చుక్కలు పడుతున్నాయి, ఇంజన్ పోయిందా" అని. టెన్షన్ పడకండి. మన అంబాసిడర్ ఇంగ్లండ్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నుంచి వచ్చింది, ఈ ఇంజన్ కూడా అక్కడి బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) బీ సిరీసే. ఇప్పటి బండ్లలో క్రాంక్ షాఫ్ట్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) వెనక చివర రబ్బరు సీల్ ఉంటుంది కదా, దీనికి అది లేదు. షాఫ్ట్ మీదే బోల్టు మరలాగా గాడి తీసి ఉంటుంది. ఇంజన్ తిరుగుతున్నంతసేపు ఆ మర ఆయిల్‌ను మళ్లీ చాంబర్‌లోకి, అంటే ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టిలోకి తోస్తుంది, ఇంజన్ ఆపితే తోసేదేమీ ఉండదు కాబట్టి అక్కడ మిగిలిన ఆయిల్ మెల్లగా బెల్ హౌసింగ్‌లోకి (ఇంజన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య క్లచ్ ఉండే గూడు) దిగి, అడుగున ఉన్న రంధ్రం నుంచి కారుతుంది. ఆ రంధ్రం కావాలని పెట్టిందే. ఎవరైనా దాన్ని ఎంసీల్ పెట్టి మూసేస్తామంటే ఒప్పుకోవద్దు, ఆయిల్ లోపలే నిలిచి క్లచ్ ప్లేట్‌కు పట్టేస్తుంది.

మాది ఒక 20 కిలోమీటర్లు తిప్పి షెడ్‌లో పెడితే తెల్లారేసరికి తొమ్మిదీ పది చుక్కలు. ఇంతకుముందు దీనికి రెట్టింపు పడేవి, మెకానిక్ అన్న బ్రీదర్ పైపు, అంటే ఇంజన్ లోపలి గాలి బయటికి పోయే పైపు, విప్పి శుభ్రం చేశాక తగ్గాయి. బ్రీదర్ మూసుకుపోతే ఇంజన్ లోపల ఒత్తిడి పెరిగి దొరికిన ప్రతి సందులోంచీ ఆయిల్‌ను బయటికి నెడుతుంది. మ్యాట్ కొనేముందు ఆ పైపు ఒకసారి చూపించుకోండి, ఖర్చు కూడా ఏమంత ఉండదు.

ఇక మా షెడ్‌లో తాండూరు బండలు. పాలిష్ పట్టని బండలు. వాటిమీద ఆయిల్ పడిందంటే పీల్చేస్తాయి, ఇక ఏం పెట్టి రుద్దినా ఆ మచ్చ పూర్తిగా పోదు. బాపు ఉన్నప్పుడు రంపపు పొట్టు చల్లేవాళ్లం. ఆయిల్ బాగానే పీల్చేది కానీ చెప్పులకు అంటుకుని ఆ పొట్టు హాల్లోకి, అక్కడి నుంచి వంటింట్లోకి వెళ్లేది, అమ్మ రోజుకు రెండుసార్లు ఊడ్చేది. తర్వాత నేను జీఐ రేకుతో ట్రే చేయించాను, మూడడుగులు బై రెండడుగులు, అంచు ఒక అంగుళం ఎత్తు. దాన్ని మూడేళ్లు వాడాను, చాలా నచ్చింది కూడా. ఒక ఆదివారం బండి కడుగుతుంటే నీళ్లు ట్రేలోకి చేరాయి. ఆయిల్ నీళ్లమీద తేలుతుంది, అది మనందరికీ తెలిసిందే, కానీ ట్రే నిండితే ముందు పొంగేది పైనున్న ఆయిలే అని ఆ రోజు దాకా ఆలోచించలేదు. ఆరు నెలల ఆయిల్ అంతా ఒకేసారి బండలమీదికి వచ్చింది. ఆ మచ్చ ఇదిగో, ఈ మూల, ఇప్పటికీ ఉంది.

అందుకే ఈ మ్యాట్ వచ్చినప్పుడు నేను మొదట చేసింది నీళ్ల పరీక్షే. అందులో ఇది నిజంగా బాగా చేసింది. పైన ఫెల్ట్, కింద రబ్బరు. ముందు రాత్రి పడ్డ ఆయిల్‌తో ఉన్న మ్యాట్‌మీద ఒక బకెట్ నీళ్లు పోశాను, నీళ్లు అంచుల నుంచి జారిపోయాయి కానీ వాటితో పాటు ఆయిల్ తెట్టు రాలేదు. నాలుగు నెలల్లో కింద బండకు ఒక్క చుక్క దిగలేదు, మొన్న ఎత్తి చూశాను. ఒక్కటి గుర్తుంచుకోండి, బండి ఆగి ఉన్నప్పుడు స్టీరింగ్ తిప్పితే టైరు కింద మ్యాట్ ముడత పడుతుంది. చక్రాలు తిన్నగా పెట్టుకుని లోపలికి రండి, అంతే.

మరి ఇంత బాగుంటే నాకేం బాధ? రంగు. నల్ల రంగు. నల్లటి ఆయిల్ పడేచోట నల్లటి మ్యాట్ ఎందుకు చేస్తారో నాకు అర్థం కావడం లేదు. మరకలు కనపడవు అని పెట్టెమీద పెద్ద అక్షరాలతో రాశారు. నాకు మరకలు కనపడాలి. పాత బండి ఉన్నవాడికి రోజూ పొద్దున చూసే రిపోర్టు అది.

ఎందుకింత గట్టిగా అంటున్నానో చెప్తా. ట్రేకీ ఈ మ్యాట్‌కీ మధ్యలో కొన్నాళ్లు ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టెను విప్పి బండి కింద పరిచాను. వేములవాడ వెళ్దామని అమ్మ, మా ఆవిడ, పిల్లలు పొద్దున్నే తయారై కూర్చున్నారు. బండి బయటికి తీశాక అలవాటుగా అట్ట వైపు చూస్తే ఎప్పటి చుక్కలు ఎప్పటి చోటే ఉన్నాయి, కానీ ఎడమవైపు ముందు చక్రం దగ్గర అరచేయంత తడి కొత్తగా కనపడింది. నల్లగా లేదు, లేత పసుపు. వేలితో తాకితే ఇంజన్ ఆయిల్ అంత చిక్కగా కూడా లేదు. బ్రేక్ ఆయిల్. డబ్బా మూత తీసి చూస్తే లెవెల్ దిగిపోయి ఉంది. ప్రయాణం ఆపేశాం. బ్రేక్ డ్రమ్ము విప్పితే లోపల బ్రేకును నెట్టే వీల్ సిలిండర్ రబ్బర్లు అరిగి కారుతున్నాయి. ఆ రోజు కింద ఈ నల్ల మ్యాట్ ఉండి ఉంటే నేను చూసేవాణ్ని కాదు, నలుగురినీ ఎక్కించుకుని బయల్దేరేవాణ్ని. ఈ మాట తేలిగ్గా అనట్లేదు.

లేత రంగు మీద అన్నీ తెలుస్తాయి. నల్లగా, గోధుమ రంగులో ఉంటే ఇంజన్ ఆయిల్. చిక్కగా ఉండి గంధకం వాసన కొడితే గేరు ఆయిలో, వెనక ఇరుసు హౌసింగ్ ఆయిలో. ఆకుపచ్చగా ఉంటే రేడియేటర్ కూలెంట్. చుక్క ఎక్కడ పడిందో చూస్తే చాంబర్ ప్యాకింగా, డ్రెయిన్ బోల్టు వాషరా, పక్కన ట్యాపెట్ కవర్ కార్క్ ప్యాకింగా అని సగం అక్కడే తేలిపోతుంది. పెట్రోల్ వాసన వస్తే మాత్రం మ్యాట్ గురించి ఆలోచించకండి, స్టార్ట్ చేయకుండా కార్బురేటర్, పైపులు చూపించుకోండి.

ఇంకో మాట. సబ్బు నీళ్లతో కడుక్కుని మళ్లీ వాడుకోవచ్చు అంటున్నారు. కడిగిన నీళ్లు ఎక్కడికి పోతాయి? మా గేటు బయట మోరీలోకి. నాలుగు నెలల ఆయిల్ మోరీలో కలపడం నాకు ఇష్టం లేదు. నేను కాటన్ వేస్ట్‌తో గట్టిగా ఒత్తి తుడిచాను, ఆ వేస్ట్ గుడ్డలు ఒక డబ్బాలో వేసి, పాత ఆయిల్ పోగుచేసి అమ్మే గ్యారేజీలో ఇచ్చాను. పూర్తిగా శుభ్రం కాలేదు, చేతులు మాత్రం రెండు రోజులు నల్లగా ఉన్నాయి.

నీళ్లను వదిలేసి ఆయిల్‌ను మాత్రమే పీల్చే తెల్లటి పాలీప్రొపిలీన్ షీట్లు దొరుకుతున్నాయి, ఫ్యాక్టరీల్లో వాడేవి. నాణ్యత చూస్తే ఈ మ్యాట్‌కు నేను పదికి ఎనిమిది ఇవ్వాలి. కానీ కొనమని చెప్పను. కొత్త బండి ఉండి, బండలు పాడుకాకుండా ఉంటే చాలు అనుకునేవాళ్లు తీసుకోండి, దానికి ఢోకా లేదు. పాత బండి వాళ్లు ఆ తెల్ల షీట్లు తెచ్చుకోండి, లేదా ఖర్చు లేకుండా అట్టపెట్టె పరచండి. కంపెనీ వాళ్లకు ఇదే మాట మెసేజ్ పెట్టాను, లేత బూడిద రంగులో చేయండి, నా డబ్బుతో కొని మళ్లీ వీడియో చేస్తా అని.

ప్రస్తుతానికి ఏం చేశానంటే, ఇటు చూడండి, మ్యాట్ కింద ఉంది, దానిమీద అట్ట పరిచాను. ఇవి రాత్రి పడ్డవి. ఒకటి, రెండు, మూడు... ఎనిమిది, అన్నీ బెల్ హౌసింగ్ కిందే. చక్రాల దగ్గర పొడిగా ఉంది. ఈ పూట బండి తీయొచ్చు.