ఎర్ర గీత ఎవరు గీస్తున్నారు? కారు నావిగేషన్‌లో లైవ్ ట్రాఫిక్, సంక్రాంతి దారి

నమస్కారం. కారు డాష్‌బోర్డు తెర మీద మ్యాపు పక్కనే కనిపించే లైవ్ ట్రాఫిక్ సమాచారాన్ని ఎంతవరకు నమ్మవచ్చో, ఎప్పుడు వాడుకోవాలో ఈ వీడియోలో చూద్దాం. ఉదాహరణకు మనందరికీ తెలిసిన దారినే తీసుకుంటున్నాను. సంక్రాంతికి ముందు రోజుల్లో హైదరాబాద్ నుంచి విజయవాడ, గుంటూరు వైపు సాగే 65వ నంబరు జాతీయ రహదారి అది. మిగతా ఏడాది ఎలా ఉన్నా, భోగికి రెండు మూడు రోజుల ముందు చౌటుప్పల్ దగ్గరి పంతంగి టోల్ ప్లాజా వద్ద కార్లు బారులు తీరిన దృశ్యం లేకుండా ఆ వారం వార్తలు పూర్తికావు.

ఉపగ్రహమే పైనుంచి రోడ్డును చూసి, ఎక్కడ రద్దీ ఉందో మన కారుకు చెబుతుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతూ, తమ గడియారంలోని సమయాన్ని, తామున్న చోటును తెలిపే సంకేతాలను ప్రసారం చేస్తూ ఉంటాయి. కింద రోడ్డు మీద ఏం జరుగుతోందో వాటికి తెలియదు. కనీసం నాలుగు ఉపగ్రహాల నుంచి సంకేతాలు అందితే, అవి చేరడానికి పట్టిన సమయాన్ని బట్టి కారులోని రిసీవరు తానెక్కడ ఉన్నదో లెక్క కట్టుకుంటుంది. ఆ రిసీవరు వినడమే గానీ తిరిగి ఒక్క ముక్క కూడా పైకి పంపదు. కాబట్టి పంతంగి దగ్గర బండ్లు ఆగిపోయిన సంగతి మరో మార్గంలోనే మన తెర మీదికి రావాలి.

ఐరోపాలో ఆ మార్గం మొదట ఎఫ్ఎం రేడియో. జర్మనీలో 1997లో మొదలైన టీఎంసీ (ట్రాఫిక్ మెసేజ్ ఛానల్) అనే పద్ధతిలో, రేడియో స్టేషన్ పాటలు ప్రసారం చేస్తూండగానే, చెవికి వినిపించని 57 కిలోహెర్ట్‌జ్ ఉపవాహక తరంగం మీద సెకనుకు 1,187.5 బిట్ల వేగంతో రోడ్డు కబుర్లు కూడా వెళ్లేవి. అంత సన్నని దారిలో వాక్యాలు పట్టవు కాబట్టి, జరిగిన సంఘటనకు ఒక అంకె, జరిగిన చోటుకు మరో అంకె పంపేవారు. ఆ అంకెలకు అర్థం చెప్పే పట్టిక కారులోని పరికరంలో ముందే ఉండాలి. పట్టిక పాతదైతే కొత్త కూడలి పేరు దానికి తెలియదు, పట్టికలో లేని చిన్న రోడ్డు మీద ఎంత రద్దీ ఉన్నా ఆ వ్యవస్థ దృష్టిలో అది లేనట్టే. అక్కడ పాత కారు అద్దెకు తీసుకున్నవారికి తెర మీద టీఎంసీ అనే అక్షరాలు ఇప్పటికీ కనిపించవచ్చు.

మనం వాడే పద్ధతి అది కాదు. మన దగ్గర ఈ సమాచారం ఇంటర్నెట్ ద్వారా వస్తుంది, దాన్ని తయారు చేసేది రోడ్డు మీద ఉన్న మన ఫోన్లే. హైదరాబాద్‌తో సహా కొన్ని నగరాల్లో గూగుల్ మ్యాప్స్ లైవ్ ట్రాఫిక్ 2012లో మొదలైంది. మన జేబులోని ఫోను తాను ఎక్కడ ఉన్నదో, ఎంత వేగంతో కదులుతున్నదో తెలియజేస్తుంది. ఒకే రోడ్డు మీద అలాంటి ఫోన్లు చాలా నెమ్మదిగా కదిలితే అక్కడ ఎర్ర గీత పడుతుంది. అంటే ఆ గీత మనకంటే ముందు వెళ్లినవాళ్లు పడుతున్న అవస్థకు ఆనవాలు. బెర్లిన్ కళాకారుడు సైమన్ వెకర్ట్ 2020లో దీన్ని సరదాగా నిరూపించాడు. చిన్న బండిలో 99 ఫోన్లు వేసుకుని, దాన్ని లాక్కుంటూ ఖాళీ వీధిలో మెల్లగా నడిచాడు. మ్యాపులో ఆ వీధి ఎర్రబడింది.

మన రోడ్ల మీద మరో చిక్కు ఉంది. కార్లన్నీ ఆగిపోయినప్పుడు కూడా బైకులు వాటి సందుల్లోంచి సాఫీగా వెళ్లిపోతుంటాయి. వాటి వేగాన్ని కూడా కారు వేగంగా లెక్కిస్తే ఎర్రగా ఉండాల్సిన గీత నారింజ రంగుకు మారుతుంది. భారత్‌లో కార్లను, మోటారు సైకిళ్లను వేరుచేసి చూడగలుగుతున్నామని బెర్లిన్ ఉదంతం తర్వాత గూగుల్ చెప్పింది. ఆ విభజన ఉపయోగకరమే, కానీ ఎల్‌బీ నగర్ దగ్గర తెర మీద నారింజ రంగు చూసి ధైర్యం తెచ్చుకోవద్దనే నేను చెబుతాను.

ఇప్పుడు నా సొంత అనుభవం ఒకటి చెబుతాను. మూడేళ్ల కిందట భోగికి ముందు రోజు కుటుంబంతో గుంటూరు బయలుదేరాను. చౌటుప్పల్ చేరకముందే తెర మీద ముందరి రోడ్డు ముదురు ఎరుపుగా మారి, ఎడమ వైపు ఊళ్ల మీదుగా వెళితే పద్దెనిమిది నిమిషాలు ఆదా అవుతుందని సూచన వచ్చింది. ఆలోచించకుండా తిప్పేశాను. రెండు కిలోమీటర్లు వెళ్లేసరికి ముందు పది కార్లు, వెనక పది కార్లు ఉన్నాయి, అందరి తెరల మీదా అదే సూచన. దారి ఒక కారు వెడల్పు మాత్రమే. ఎదురుగా వరిగడ్డి ఎత్తుగా నింపుకున్న ట్రాక్టరు వచ్చి ఆగింది. అది వెనక్కి పోలేదు, మేము పక్కకు తప్పుకోలేకపోయాం. అరగంట తర్వాత వెనక సీటు నుంచి మా అత్తగారు, "ఈ దారి దానికి ఎవరు చెప్పారు బాబూ?" అని అడిగారు. ప్రశ్న సరిగ్గా అదే. అంతకు కాసేపటి ముందు ఆ దారిలో ఖాళీగా, వేగంగా వెళ్లిన కొన్ని బండ్లు చెప్పాయి. వాటి వేగం చూసి వచ్చిన మా గుంపే ఆ వేగాన్ని చంపేసింది.

ఆ తర్వాత నేను నేర్చుకున్నదేమిటంటే, లైవ్ ట్రాఫిక్‌ను చీలిక వచ్చే చోటుకు ముందే చూడాలి. ఎర్ర గీతలోకి వెళ్లి ఇరుక్కున్నాక చూస్తే విసుగు పెరగడం తప్ప ప్రయోజనం ఉండదు. ఈ దారిలో గుంటూరు వెళ్లేవారికి అసలైన చీలికలు రెండు. మొదటిది ఔటర్ రింగ్ రోడ్డు. అక్కడ బొంగుళూరు దగ్గర దిగి నాగార్జునసాగర్, మాచర్ల మీదుగా వెళ్తే విజయవాడ రహదారిని ముట్టుకోనక్కరలేదు. ఆ నిర్ణయం ఇంటి దగ్గర, కారు బయటికి తీయకముందే జరగాలి. రెండోది నార్కట్‌పల్లి. అక్కడ కుడివైపు నల్లగొండ, మిర్యాలగూడ, పిడుగురాళ్ల దారి పడితే కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్ ప్లాజాల రద్దీ రెండూ తప్పుతాయి. అయితే నార్కట్‌పల్లి చేరేసరికి పంతంగి దాటే ఉంటారు కాబట్టి, అక్కడి రద్దీకి ఈ చీలిక మందు కాదు. విజయవాడకే వెళ్లేవారికి మాత్రం ఈ చుట్టుదారులు కలిసిరావు, బయలుదేరే సమయం మార్చుకోవడం మేలు.

చీలికకు నాలుగైదు కిలోమీటర్ల ముందు పక్క సీటులోని వారిని రెండు దారుల నిమిషాలనూ పోల్చి చూడమనండి. రంగును కాక నిమిషాలను చూడమంటున్నాను, ఎందుకంటే టోల్ దగ్గర ఒక కిలోమీటరు ముదురు ఎరుపు, ఊరి మధ్య ఐదు కిలోమీటర్ల నారింజ కంటే ఎక్కువ సమయం తినవచ్చు. రెండింటికీ తేడా పది నిమిషాల లోపే అయితే నేను పెద్ద రోడ్డు వదలను. జాతీయ రహదారి మీద పెట్రోలు బంకు, టీ కొట్టు, అవసరమైతే అంబులెన్సు ఉంటాయి, ఊళ్ల దారిలో చీకటి పడితే మలుపు కూడా కనిపించదు.

కారు తయారీదారు ఇచ్చిన నావిగేషన్ సంగతి ఒక్కమాటలో చెప్పాలి. మ్యాపు మెమరీ కార్డులో ఉన్న కార్లలో దారి కనిపిస్తుంది గానీ, కారుకు సొంత సిమ్ లేకుండా, ఫోను హాట్‌స్పాట్‌కు కూడా కలపకుండా ఉంటే ట్రాఫిక్ రంగులు రావు. ఫోనులో మ్యాపును ముందే డౌన్‌లోడ్ చేసుకున్నా, డేటా లేనిచోట అంతే. తెర మీద ఏ రంగూ లేదంటే రోడ్డు ఖాళీ అని కాదు, సమాచారం లేదని కూడా కావచ్చు. సెట్టింగులలో టోల్ రోడ్లు వద్దు అన్న చోట ఎప్పుడో పెట్టిన టిక్కు అలాగే ఉంటే, మొత్తం రహదారినే తప్పించి ఎక్కడెక్కడో తిప్పుతుంది, అదీ ఒకసారి చూసుకోండి.

ఫోను చేతిలో పట్టుకుని నడుపుతూ చూడడం మాత్రం వద్దు. 2020 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉన్న కేంద్ర మోటారు వాహన నిబంధనల సవరణ, డ్రైవరు ఏకాగ్రత చెదరకుండా దారి చూసుకోవడానికి మాత్రమే అలాంటి పరికరాన్ని వాడుకోవచ్చని చెబుతోంది. స్టాండుకు బిగించి, గమ్యం ముందే నమోదు చేసి, మాటల సూచనలు తెలుగులో పెట్టుకుంటే సగం చూపు ఆదా అవుతుంది. దారి మధ్యలో మార్చాల్సి వస్తే టోల్ దాటాక పక్కన ఖాళీ ఉన్నచోట ఆపి మార్చండి. నేను ఇప్పుడు పంతంగి దాటగానే టీకి ఆగుతాను, నార్కట్‌పల్లి దారి ఎలా ఉందో అక్కడే చూసుకుంటాను, ఆ సంవత్సరం నుంచి మా అత్తగారు వెనక సీటులో హాయిగా నిద్రపోతున్నారు.