తాతగారి వించెస్టర్ మీద మోజు: లీవర్ రైఫిల్ ఎంపికపై చర్చ

(హైదరాబాద్ స్టూడియోలో జరిగిన చర్చ పాఠం. పాల్గొన్నవారు: ఒక షూటింగ్ కోచ్, తుపాకుల మరమ్మతు చేసే ఒక మేస్త్రి, ఆయుధ చట్టం కేసులు చూసే ఒక న్యాయవాది.)

యాంకర్: నమస్కారం. కృష్ణ గారి కౌబాయ్ సినిమాలు చూసి పెరిగిన తరానికి ఒక తుపాకీ మీద తీరని మోజు ఉంది. ట్రిగ్గర్ కింద ఉన్న పిడిని కిందికి తోసి మళ్లీ పైకి లాగితే తూటా ఎక్కే లీవర్ రైఫిల్ అది. సరదాగా గురి చూసి కాల్చడానికి అలాంటిది కావాలనుకుంటే ఏది ఎంచుకోవాలి? కోచ్ గారూ, ముందు మీరు చెప్పండి.

కోచ్: అందరూ తుపాకీ బొమ్మ చూపించి అడుగుతారండీ. నేను మాత్రం తూటా సంగతి తేల్చుకుని రమ్మంటాను. నా ఓటు .22కే, అంటే అంగుళంలో నూటికి 22 వంతుల లావున్న చిన్న తూటాకే. తూటా చవక, భుజానికి దెబ్బ తగలదు, 50 మీటర్ల రేంజిలో కాల్చుకోవచ్చు. హెన్రీ కంపెనీ వారి .22 లీవర్ రైఫిల్‌లో బ్యారెల్ కింది గొట్టంలో 15 తూటాలు పడతాయి. సాయంత్రమంతా కాల్చినా జేబుకు చిల్లు పడదు.

మేస్త్రి: అది పిల్లల తుపాకీ అండీ. లీవర్ రైఫిల్ అంటే అమెరికా కంపెనీ వించెస్టర్ 1894లో తెచ్చిన 1894 మోడలే. తుపాకుల రూపకర్త జాన్ బ్రౌనింగ్ గీసిన నమూనా అది. ఆ మరుసటి ఏడాదే దానికి .30-30 తూటా వచ్చింది. పాత నల్ల తుపాకిమందు పొగతో కళ్లు మండే రోజుల్లో పొగరాని మందుతో వచ్చిన తొలి అమెరికన్ వేట తూటాల్లో అదొకటి. దాన్ని ఒక్కసారి పేల్చినవాడు .22తో తృప్తి పడడు.

కోచ్: తృప్తి సరే. తూటా ఎక్కడి నుంచి తెస్తారు? మన ఆయుధ కర్మాగారాలు చేసే .22, .315 స్పోర్టింగ్ రైఫిళ్లు బోల్టు రకానివి, అంటే లీవర్ బదులు పక్కనున్న పిడిని వెనక్కి లాగి ముందుకు తోసేవి. .30-30 పెట్టె కోసం ఊరంతా తిరగాలి. దొరికిన ఆ కాసిని తూటాలను బీరువాలో దాచుకునేవాడికి గురి ఎప్పుడు కుదురుతుంది?

మేస్త్రి: ఆ మాట నిజమే. దొరికినా ఏ తూటా పడితే అది వేయకూడదు. నా బల్ల మీదికి వచ్చే తుపాకుల విషయంలో నాకు భయం కలిగించేది ఇదే. ఈ రైఫిళ్లలో చాలావాటికి మ్యాగజైన్, అంటే తూటాలు నిలవుండే చోటు, బ్యారెల్ కింద గొట్టంలా ఉంటుంది. తూటాలు అందులో రైలు పెట్టెల్లా ఒకదాని వెనుక ఒకటి పడుకుంటాయి. వెనుక తూటా ముక్కు ముందు తూటా ప్రైమర్‌కు, అంటే దెబ్బ తగలగానే అంటుకునే అడుగుభాగానికి, ఆనుకుని ఉంటుంది. ఆ ముక్కు సూదిగా ఉంటే, కాల్చినప్పుడు వచ్చే కుదుపుకు గొట్టంలోనే పేలవచ్చు. అందుకే చదును ముక్కు గుండ్లే వాడాలి. తర్వాత తూటాల కంపెనీ హార్నడీ వాళ్లు మెత్తని రబ్బరులాంటి కొనతో సూదిగుండు చేశారు. అది వేరే సంగతి.

యాంకర్: .22కి ఆ బెడద లేదా?

మేస్త్రి: లేదు. దానికి ప్రైమర్ మధ్యలో ఉండదు, దెబ్బకు అంటుకునే మందు అడుగు అంచు చుట్టూ ఉంటుంది. కొన మొద్దుగానే ఉంటుంది. ఈ ఒక్క విషయంలో కోచ్ గారికే మార్కులు.

కోచ్: (నవ్వుతూ) రికార్డు చేసుకోండి. కానీ .22 అనగానే బొమ్మ తుపాకీ అనుకుంటారు. ఆ గుండు కిలోమీటరున్నరకు పైగా పోగలదు. ఫాంహౌస్ గోడకు డబ్బాలు పేర్చి కాలుద్దామని అడిగేవాళ్లు ఉన్నారు. వద్దు. వెనుక మట్టిగట్టు ఉన్న రేంజిలోనే కాల్చాలి.

యాంకర్: వించెస్టర్, దాని పోటీ కంపెనీ మార్లిన్ రైఫిళ్ల మధ్య ఎప్పుడూ వాదన జరుగుతుంటుంది కదా. తేడా ఏమిటి?

మేస్త్రి: కళ్లతో చూస్తే తెలిసిపోతుంది. పాత వించెస్టర్ 94, అంటే ఆ 1894 మోడలే, కాల్చాక మిగిలే తూటా ఖాళీ తొడుగును నెత్తి మీంచి పైకి విసురుతుంది. అందువల్ల మధ్యలో టెలిస్కోపు బిగించడం ఇబ్బంది. 1948లో వచ్చిన మార్లిన్ 336 పైభాగం మూసి ఉంటుంది, తొడుగు పక్కకు పోతుంది. నలభై దాటి చూపు మందగించినవాడికి ఇదే నయం. శుభ్రం చేయడంలో కూడా మార్లిన్‌దే పైచేయి. లీవర్ మర ఒక్కటి విప్పితే తూటాను లోపలికి నెట్టే బోల్టు చేతికొస్తుంది, బ్యారెల్‌ను వెనుక నుంచి తుడవవచ్చు. వించెస్టర్ 94ను మూతి వైపు నుంచే తుడవాలి. ఆత్రంగా కడ్డీ తోసి మూతి అంచు అరగదీసిన తుపాకులు నా దగ్గరికి వస్తుంటాయి. మూతి అరిగిందంటే గురి పోయినట్టే.

యాంకర్: మరి మీకు వించెస్టర్ అంటేనే ఇష్టమన్నారు!

మేస్త్రి: ఇష్టం వేరు, సలహా వేరు.

కోచ్: ఏది కొన్నా ఒక అలవాటు చేసుకోవాలి. లీవర్‌ను చివరి వరకు తోయాలి, చివరి వరకు లాగాలి. భయపడుతూ సగం తోస్తే తొడుగు బయటికి రాదు, కొత్త తూటా ఎక్కదు, అక్కడే బిగుసుకుంటుంది. ఇంకో మాట. బోర్లా పడుకుని కాల్చడానికి ఇది కుదరదు. లీవర్ తెరిచిన ప్రతిసారీ నేలకు తగులుతుంది. నిలబడి, కూర్చుని కాల్చే తుపాకీ ఇది. పోటీల మీద మనసుంటే మాత్రం నా దగ్గరికి వచ్చి లీవర్ పేరెత్తకండి. ఒలింపిక్స్‌లో దానికి అంశమే లేదు. మన గగన్ నారంగ్ 2012లో లండన్‌లో కాంస్యం గెలిచింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌తో, అంటే గాలి ఒత్తిడితో పేలేదానితో.

న్యాయవాది: ఇంతసేపూ ఇద్దరూ తుపాకీ చేతికొచ్చేసినట్టే మాట్లాడుతున్నారు. కాస్త నన్నూ చెప్పనివ్వండి. విదేశీ తుపాకీని సామాన్యుడు తెప్పించుకోవడం కుదరదు. ఆ వెసులుబాటు పేరున్న షూటర్లకే. మిగిలినవారికి దారి ఒక్కటే, ఇప్పటికే దేశంలో ఉన్న తుపాకీని లైసెన్సు ఉన్నవారి నుంచి కొనడం. నగరంలో లైసెన్సు ఇచ్చేది పోలీసు కమిషనర్. కనీస వయసు 21 ఏళ్లు. 2019 సవరణ తర్వాత ఒకరి దగ్గర రెండు తుపాకులకు మించి ఉండకూడదు. క్రీడాకారులకు మినహాయింపులున్నాయి. లైసెన్సు గడువు 5 ఏళ్లు. అసలు లైసెన్సే అక్కర్లేని దారి కావాలంటే, 4.5 మిల్లీమీటర్ల బోరు, 20 జూళ్లకు మించని శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్ తీసుకోవచ్చు.

యాంకర్: మెహదీపట్నం నుంచి ఒక కాలర్ లైన్లో ఉన్నారు. చెప్పండి సార్.

కాలర్: నమస్తే అండీ. మా నాన్నగారికి 74 ఏళ్లు. తాతగారి నుంచి వచ్చిన వించెస్టర్ ఆయన లైసెన్సు మీద ఉంది. నా పేరుకు మార్చుకోవచ్చా? దసరాకు ఆయుధపూజ చేస్తాం, అప్పుడు ఒక్కసారి గాలిలోకి పేల్చుదామని పిల్లలు పట్టుబడుతున్నారు.

న్యాయవాది: మార్చుకోవచ్చు. యజమానికి 70 ఏళ్లు నిండినా, తుపాకీ ఆయన దగ్గర 25 ఏళ్లుగా ఉన్నా, వారసుడి పేరుకు లైసెన్సు కోరవచ్చు. నాన్నగారు ఉండగానే ఆ పని చేసేయండి, తర్వాత అయితే కాగితాలు పెరుగుతాయి. గాలిలోకి పేల్చడం మాత్రం కలలో కూడా వద్దు. వేడుకల్లో కాల్పులకు రెండేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

మేస్త్రి: బాబూ, హ్యామర్, అంటే వెనుక ఉండే చిన్న సుత్తి, పూర్తిగా వెనక్కి లాగక ముందే మధ్యలో ఒకచోట టక్కుమని ఆగుతుందా? ట్రిగ్గర్ నొక్కినా అక్కడి నుంచి కదలకూడదు.

కాలర్: ఆగుతుంది. నొక్కి చూడలేదండీ.

మేస్త్రి: ఇంట్లో చూడకండి. హ్యామర్‌ను అక్కడ ఆపే గాడి అరిగిపోయి ఉంటే హ్యామర్ జారి పేలుతుంది. పాతవాటిలో నేను మొదట చూసేది అదే. నాన్నగారు లైసెన్సు పట్టుకుని, తూటా ఒక్కటి కూడా లేకుండా, లైసెన్సున్న మరమ్మతుదారు దగ్గరికి తేవాలి. అది తేలేదాకా రేంజికి కూడా తీసుకెళ్లకండి. పూజకు కుంకుమ పెట్టుకోండి గానీ, కుడి పక్కన తూటాలు దోపే రేకు మీద పెట్టకండి. నిరుడు ఒకాయన దోసెడు చల్లి తెచ్చారు. లోపల స్ప్రింగు దాకా పాకింది, పూర్తిగా విప్పి కడగాల్సి వచ్చింది.