1.2 అందరికీ ఒకటి కాదు

అందరికీ నమస్కారం. ఎంవీపీ కాలనీలో సాయంత్రం వాకింగ్ మానుకుని మరీ ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం. నేను డాక్టర్ని కాను. ముప్ఫై ఏళ్లుగా విశాఖలోనే ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేస్తున్నాను. మందుల సంగతి మీ డాక్టరుగారు చెబుతారు. రిపోర్టులో క్రియాటినిన్ పక్కన ఉండే అంకె ఎలా వస్తుందో, దాన్ని ఎంతవరకు నమ్మాలో నేను చెబుతాను.

క్రియాటినిన్ మన కండరాల్లోంచి రోజూ దాదాపు ఒకే మోతాదులో రక్తంలోకి వచ్చే వ్యర్థం. కిడ్నీలు దాన్ని వడకట్టి బయటికి పంపేస్తాయి. వడపోత తగ్గితే రక్తంలో పేరుకుంటుంది. దీన్ని కొలిచే పాత పద్ధతికి మూలం 1886లో మాక్స్ జాఫే కనిపెట్టిన రసాయన చర్య. సీరంలో, అంటే రక్తం గడ్డకట్టాక పైన తేలే ద్రవంలో, పిక్రిక్ ఆమ్లం, క్షారం కలుపుతాం. నిమ్మపండు రంగులో ఉన్న ద్రవం మెల్లగా నారింజ రంగుకు తిరుగుతుంది. క్రియాటినిన్ ఎంత ఎక్కువుంటే రంగు అంత చిక్కన. నేను కొత్తగా చేరిన రోజుల్లో చేత్తోనే కలిపేవాళ్లం. ఇప్పుడా పని మెషీన్ చేస్తుంది.

ఇక మా పిన్ని విషయం చెప్పాలి. అప్పుడు ఆవిడకి అరవై ఏళ్లు, సన్నటి మనిషి, పన్నెండేళ్ల నుంచి షుగర్. క్రియాటినిన్ 1.2 వచ్చింది. రిపోర్టులో 1.3 దాకా నార్మల్ అని ఉంది. నేనే చూసి, "బాగానే ఉంది పిన్నీ, టెన్షన్ పడకు" అన్నాను. ఆ మాట ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

అదే 1.2ని 2021లో వచ్చిన సీకేడీ-ఈపీఐ సూత్రంలో వేసి చూడండి. క్రియాటినిన్‌తో పాటు వయసు, ఆడా మగా అన్నది కూడా చూసి కిడ్నీల పనితీరు అంచనా వేసే లెక్క అది. పాతికేళ్ల కుర్రాడికి ఈజీఎఫ్ఆర్, అంటే కిడ్నీల వడపోత వేగం, సుమారు 86 వస్తుంది. అరవై ఏళ్ల ఆడమనిషికి 52. ఈజీఎఫ్ఆర్ 60 కంటే తక్కువగా మూడు నెలలకు పైగా అలాగే ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు కిందే లెక్క. పైగా కండ తక్కువున్న మనిషిలో క్రియాటినిన్ తయారయ్యేదే తక్కువ, కాబట్టి అసలు పరిస్థితి ఆ 52 కన్నా తక్కువే కావచ్చు. వడపోత దాదాపు సగం పోయేవరకు క్రియాటినిన్ నార్మల్‌లోనే కనిపించవచ్చు కూడా.

రెండో పరీక్ష యూరిన్‌ది. అల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి, ఏసీఆర్ అంటారు. 30 దాటితే వడపోత గోడల్లోంచి అల్బుమిన్ అనే ప్రొటీన్ కారుతోందని అర్థం. షుగర్ ఉన్నవాళ్లలో చాలాసార్లు ఈజీఎఫ్ఆర్ తగ్గకముందే ఇది పట్టిస్తుంది. పిన్నికి ఈ పరీక్ష చేయించింది పాదాలు వాచాకే.

అయితే ఇది ఒక్కటే చాలదు. మన పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి శ్రీకాకుళం వైపు నుంచి, కవిటి, సోంపేట, పలాసల నుంచి వచ్చే ఉద్దానం ప్రాంతపు కిడ్నీ రోగులు మనకి తెలిసినవాళ్లే. వాళ్లలో చాలామందికి యూరిన్‌లో ప్రొటీన్ పెద్దగా పోదు, కిడ్నీ మాత్రం లోపల్లోపల దెబ్బతింటుంది. కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. అందుకే రక్తం, యూరిన్ రెండూ చూడాలంటాను.

ఒక్క రిపోర్టు చూసి బెంబేలు పడకండి. రాత్రి మటన్ తిని పొద్దున రక్తం ఇచ్చినా క్రియాటినిన్ కొంచెం పెరుగుతుంది. వాంతులు, విరేచనాలు అయినప్పుడూ, మన ఎండల్లో చెమట కారిపోయి నీళ్లు తాగనప్పుడూ పెరుగుతుంది. జ్వరానికీ యూరిన్‌లో అల్బుమిన్ కనబడవచ్చు. తేడా వస్తే డాక్టరుగారిని అడిగి మళ్లీ చేయించుకోండి. ఫిషింగ్ హార్బర్‌లో బరువులు మోసేవాళ్లకి మరీ చెబుతున్నాను, ఒళ్లునొప్పులకని రోజూ నొప్పి బిళ్ల వేసుకోకండి. నీళ్లు తగ్గిన ఒంట్లో ఆ బిళ్ల కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తుంది.

షుగర్, బీపీ ఉన్నవాళ్లు ఏడాదికోసారి ల్యాబ్ కౌంటర్‌లో, "క్రియాటినిన్‌తో ఈజీఎఫ్ఆర్ రాయండి, యూరిన్ ఏసీఆర్ చేయండి" అని అడగండి. యూరిన్ పొద్దున్నే లేవగానే పట్టినదైతే మేలు.

పాత రిపోర్టులు తెచ్చుకున్నవాళ్లు ఆ కిటికీ పక్క టేబుల్ దగ్గరికి రండి. వయసు చెబితే ఈజీఎఫ్ఆర్ లెక్కగట్టి రిపోర్టు వెనకాల రాసిస్తాను. షుగర్ ఉన్న పెద్దవాళ్లు ముందు రండమ్మా.