ఇంజిన్ చివర్లో కొనండి

పెద్దలకు నమస్కారం. షెడ్లు మూసి వచ్చిన మేస్త్రీలకు, ఐటీఐ పిల్లలకు మరో నమస్కారం.

సునాబెడలో టర్బైన్ గురించి నోరు విప్పే ముందు మాట ఒకటికి రెండుసార్లు సరిచూసుకోవాలి. ఒడిశా కొండల్లో, విమానాలు తయారుచేసే హెచ్‌ఏఎల్ సంస్థ 1964లో ఇంజిన్ ఫ్యాక్టరీ పెట్టిన ఊరు ఇది. మిగ్ యుద్ధవిమానాల ఇంజిన్లు విప్పి బిగించినవాళ్ల పిల్లలు, మనవలు ఈ హాల్లో ఉన్నారు. విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఇళ్లు కట్టుకున్న కుటుంబాలు మనవి. అందుకని తెలుగులోనే, పనివాళ్ల మాటల్లోనే చెబుతాను.

విషయం మీకు తెలిసిందే. టాప్ తీసేసి తిరిగే చిన్న బండికి టర్బో ఇంజిన్, అంటే గాలిని బలవంతంగా లోపలికి దట్టించుకునే ఇంజిన్, ఎక్కించడం. జయపురంలోనైనా, కోరాపుట్‌లోనైనా, సెమిలిగుడలోనైనా కుర్రాళ్లు కనిపిస్తే అడిగేది ఇదే: "సార్, ఏ ఇంజిన్ కొనమంటారు?" నా జవాబు ఒక్కటే. ఇంజిన్ చివర్లో కొనండి. బ్రేకులు, క్లచ్, షాఫ్టులు, రేడియేటర్, కాగితాలు... ఇవన్నీ తేలాక కొనండి.

టర్బో మీద మన ప్రాంతంవాళ్లకు ఉన్నది వట్టి మోజు కాదు. సాలూరు దాటి, సుంకి ఘాట్ ఎక్కి, పొట్టంగి మీదుగా ఇక్కడికి చేరేసరికి సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తుకు వస్తాం. ఇక్కడ గాలి ఒత్తిడి విశాఖ తీరంలో కన్నా సుమారు పది శాతం తక్కువ. టర్బో లేని ఇంజిన్ తాను పీల్చుకోగలిగిన గాలితోనే నెగ్గుకురావాలి కాబట్టి దాని బలమూ ఇంచుమించు అంతే తగ్గుతుంది. విశాఖలో 80 హార్స్ పవర్ ఇచ్చే ఇంజిన్ మన దగ్గర 72 ఇస్తే గొప్ప. దేవమాలి వైపు ఎక్కేకొద్దీ ఇంకా దిగిపోతుంది. ఆ కొండ 1,672 మీటర్లు, ఒడిశాలో దాన్ని మించిన శిఖరం లేదు.

టర్బో ఈ చిక్కు తీరుస్తుంది. ఎగ్జాస్ట్ దారిన వృథాగా పోయే వేడి వాయువుతో ఒక చక్రం తిప్పి, అదే షాఫ్టు రెండో కొసన ఉన్న చక్రంతో ఇంజిన్లోకి గాలి దట్టించవచ్చని స్విట్జర్లాండ్ ఇంజినీరు ఆల్ఫ్రెడ్ బ్యూకీ 1905లో పేటెంట్ తీసుకున్నాడు. 1918లో అమెరికాలో శాన్‌ఫర్డ్ మాస్ అనే ఇంజినీరు లిబర్టీ విమాన ఇంజిన్ను 14,109 అడుగుల ఎత్తున్న పైక్స్ పీక్ కొండ మీదికి చేర్చి నడిపి చూశాడు. నేల మీద 350 హార్స్ పవర్ ఇచ్చే ఆ ఇంజిన్ కొండ మీద 230కి పడిపోయింది. టర్బో తగిలిస్తే 356 ఇచ్చింది. ఆ అంకెలు చదివినప్పుడల్లా నాకు సుంకి ఎక్కుతూ రొప్పే బళ్లే గుర్తొస్తాయి. టాప్ తెరిచే కారుకి టర్బో కూడా కొత్త కాదు. 1962లోనే షెవర్లే కోర్వేర్ మోంజా స్పైడర్‌ని ఆ రూపంలో కంపెనీయే అమ్మింది.

ఇంజిన్ మార్పిళ్లకు ప్రపంచమంతటా పేరుపడ్డ చిన్న బండి మాజ్డా మియాటా. 1989లో వచ్చింది. రెండే సీట్లు, టన్ను లోపు బరువు, 1.6 లీటర్ల ఇంజిన్, సుమారు 115 హార్స్ పవర్. మన దేశంలో ఆ కంపెనీ అమ్మలేదు. అయినా దాని నుంచి మనం నేర్చుకోవాల్సింది ఉంది. అదే కుటుంబానికి చెందిన 1.6 లీటర్ల ఇంజిన్ టర్బోతో మాజ్డా 323 జీటీఎక్స్‌లో వచ్చింది. సిలిండర్లో గాలిని ఎన్ని రెట్లు నొక్కుతుందో చెప్పే కంప్రెషన్ మియాటాలో 9.4, టర్బో ఉన్నదాంట్లో 7.9. ఎందుకు తగ్గించారు? టర్బో ముందే గాలిని నొక్కి పంపిస్తుంది. దాన్ని సిలిండర్లో మళ్లీ అంతే నొక్కితే పెట్రోలు మిశ్రమం ప్లగ్గు నిప్పు కోసం ఆగకుండా తనంతట తానే పేలుతుంది. అదే నాకింగ్. పిస్టన్ రింగుల మధ్య గట్లు విరిగేది అందుకే. మామూలు ఇంజిన్‌కే బయటినుంచి టర్బో బిగించేద్దామనుకునేవాళ్లు 9.4, 7.9 అనే ఆ రెండు అంకెలూ షెడ్డు గోడ మీద రాసుకోవాలి.

ఇంకో సంగతి. మియాటాలో గేర్‌బాక్సునీ, వెనక చక్రాలకు బలం పంచే డిఫరెన్షియల్‌నీ కలుపుతూ పొడవాటి అల్యూమినియం బీమ్ ఉంటుంది. వేరే కంపెనీ ఇంజిన్, గేర్‌బాక్సు పెడితే ఆ బీమ్ పనికిరాదు. డిఫరెన్షియల్‌ని పట్టుకోవడానికి వేరే ఫ్రేమ్ కట్టాలి. మొదటి 1.6 బళ్లలో డిఫరెన్షియల్ చిన్నది, 1.8 లీటర్ల ఇంజిన్ వచ్చినప్పుడు కంపెనీయే దాన్ని పెద్దది చేసింది. కంపెనీకే అది తప్పలేదంటే మనకెలా తప్పుతుంది?

మన దేశంలో ఈ కోవకు వచ్చేవి కొన్నే. గోవాలో తయారైన శాన్ స్టార్మ్ ఒకటి, ఫైబర్ బాడీ, రెండు సీట్లు, రెనో ఇంజిన్. ముచ్చటైన బండే గానీ దొరకడం కష్టం. మన కొండల్లో తేలిగ్గా దొరికేది గుడ్డ టాప్ ఉన్న మారుతి జిప్సీ. 1985లో 970 సీసీతో వచ్చింది, తర్వాత 1,298 సీసీ అయింది. కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లతో వచ్చిన ఎంపీఎఫ్‌ఐ జిప్సీకి 80 హార్స్ పవర్, 103 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే షాఫ్టుని మెలితిప్పే శక్తి. దానికి ఎక్కువమంది చూసే ఇంజిన్ స్విఫ్ట్‌లో వచ్చిన 1.3 డీజిల్ టర్బో. 1,248 సీసీ, 75 హార్స్ పవర్, 190 న్యూటన్ మీటర్లు.

హార్స్ పవర్ చూస్తే ఐదు తగ్గింది. అందుకే చాలామంది, "బలం పెరగలేదు కదా సార్, పాత గేర్‌బాక్సు సరిపోదా?" అంటారు. ఇక్కడ కాస్త ఆగండి. గేర్ పళ్లను, షాఫ్టులను విరిచేది టార్క్. 103 నుంచి 190 అంటే 87 ఎక్కువ. మొదటి గేరు దాన్ని సుమారు మూడున్నర రెట్లు చేస్తుంది. అంటే గేర్‌బాక్సు బయటికొచ్చే షాఫ్టు మీదే 300 న్యూటన్ మీటర్లకు పైగా అదనపు భారం. జిప్సీలో అక్కడినుంచి ఒక పొట్టి షాఫ్టు, దాని వెనక విడిగా వేలాడే ట్రాన్స్‌ఫర్ కేసు. అది మళ్లీ పెంచి, ముందు వెనక యాక్సిళ్లకు పంచుతుంది. మొదట పోయేది క్లచ్ ప్లేటు. వాసన వస్తుంది కాబట్టి తెలుస్తుంది. తర్వాత ట్రాన్స్‌ఫర్ కేసు రబ్బరు మౌంటింగులు చిరుగుతాయి. యాక్సిల్ షాఫ్టు మాత్రం చెప్పాపెట్టకుండా విరుగుతుంది.

బరువు కూడా చూడాలి. జిప్సీ ఇంజిన్ బ్లాకు అల్యూమినియం, ఆ డీజిల్ బ్లాకు పోత ఇనుము. ముందు స్ప్రింగు పట్టీలు కుంగుతాయి. ఫోర్ వీల్ బండి కాబట్టి కింద యాక్సిల్ ఉంది, గుంతలో పడ్డప్పుడు అది పైకి లేచి ఇంజిన్ కింది ఆయిల్ తొట్టికి, అంటే సంపుకి, కొట్టకూడదు. ఇంజిన్ బిగించే ముందే పట్టీలను పూర్తిగా నొక్కి, యాక్సిల్ ఎంత పైకి వస్తుందో కొలవండి. పెట్రోలు ఇంజిన్ 6,000 ఆర్పీఎం దగ్గర ఇచ్చే బలాన్ని ఈ డీజిల్ 4,000 దగ్గరే ఇచ్చేస్తుంది. పాత గేర్లతో రోడ్డు మీద ఇంజిన్ అరుస్తుందే తప్ప బండి సాగదు.

ఇప్పుడు నా చేతిలో ఉన్న ఈ గొట్టం చూడండి. టర్బో నుంచి ఆయిల్ కిందికి దిగే గొట్టం ఇది. టర్బో షాఫ్టు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది. దాన్ని మోసేది ఆయిల్ పొర. ఆయిల్ లోపలికి వెళ్లేటప్పుడు సన్న పైపులో ఒత్తిడితో వెళుతుంది. బయటికి వచ్చేటప్పుడు ఏ ఒత్తిడీ ఉండదు, నురగతో కలిసి తన బరువుకు తాను జారాలి. అందుకే ఇది ఇంత లావు. ఎక్కడా వంగి గుంత పడకూడదు. సంపులో ఆయిల్ మట్టానికి పైన కలవాలి. ఇంజిన్ మార్చినప్పుడు చోటు చాలక దీన్ని వంచుతారు, లేదా సన్నది వేస్తారు. ఆయిల్ టర్బోలో నిలిచి, సీళ్లు దాటి కారుతుంది, నీలం పొగ వస్తుంది. అప్పుడు మేస్త్రీ టర్బో పోయిందంటాడు, కొత్త టర్బో వేస్తారు, వారానికి అదీ పొగ కక్కుతుంది. కొత్త టర్బోకి డబ్బు పోసే ముందు ఈ గొట్టం విప్పి చూడండి, మీ కాళ్లకు దణ్ణం పెడతాను.

వేడి సంగతి కూడా ఇంతే. 35 డిగ్రీల గాలిని 0.6 బార్ మేర నొక్కితే అది 100 డిగ్రీల దరిదాపుకు వెళుతుంది. వేడెక్కిన గాలి పలచబడుతుంది, నాకింగూ పెంచుతుంది. ఆ గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ తప్పనిసరి. అది రేడియేటర్ ముందు కూర్చుంటే రేడియేటర్‌కి గాలి తగ్గుతుంది, కనుక రేడియేటర్ కూడా పెద్దది కావాలి.

నాకు అన్నిటికన్నా భయం కలిగించేది బ్రేకు. కాలి నొక్కుడు బలాన్ని పెంచే బ్రేకు బూస్టర్ పనిచేసేది వాక్యూమ్‌తో, అంటే గాలి లాగేసిన ఖాళీతో. మామూలు పెట్రోలు ఇంజిన్లో అది ఇన్‌టేక్ నుంచి వస్తుంది. టర్బో గాలి దట్టించేటప్పుడు అక్కడ వాక్యూమ్ ఉండదు, ఒత్తిడి ఉంటుంది. కాబట్టి వాక్యూమ్ గొట్టంలో ఒకవైపే తెరుచుకునే వాల్వు ఖచ్చితంగా ఉండాలి. డీజిల్‌కైతే వాక్యూమ్ పంపు వేరుగా ఉంటుంది. పాత ఇన్‌టేక్ గొట్టాన్నే కొత్త ఇంజిన్‌కి తగిలించి బయల్దేరితే మొదటి రెండు నొక్కుళ్లకు బ్రేకు పడుతుంది. మూడోసారి పెడల్ రాయిలా ఉంటుంది. సుంకి దిగువ మలుపులో ఎదురుగా ఖనిజం లారీ ఉన్నప్పుడు ఆ మూడోసారి వస్తే ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. పరీక్ష తేలిక. ఇంజిన్ ఆపి పెడల్ గట్టిపడేదాకా నొక్కండి. కాలు తీయకుండా స్టార్ట్ చేయండి. పెడల్ కాస్త కిందికి దిగాలి. దిగకపోతే బండి షెడ్డు దాటకూడదు.

టాప్ లేని బండికి ఇంకో కష్టం ఉంది. మియాటాలాంటి వాటికి వేరే చాసిస్ ఉండదు, బాడీయే చాసిస్. పైకప్పు లేదు గనుక నేల, గుమ్మం కింది పెట్టెలే మొత్తం భారం మోస్తాయి. టార్క్ పెంచితే బాడీ మెలి తిరుగుతుంది. ఒక మూల జాకీ ఎత్తి తలుపు తీసి వేయండి. ఇరుక్కుంటుంటే ముందు బాడీ కింద ఇనప పట్టీలు వేసి గట్టిచేయాలి, ఇంజిన్ మాట తర్వాత. జిప్సీకి నిచ్చెన ఫ్రేమ్ ఉంది కాబట్టి ఆ బాధ తక్కువ. కానీ గుడ్డ టాప్ మనిషి తలను కాపాడదు. బండి బోల్తా పడితే తల కాచే ఉక్కు కమ్మీ, అంటే ఫ్రేమ్‌కి బోల్టు చేసిన రోల్ బార్, లేకుండా ఈ పని మొదలుపెట్టే కుర్రాడికి నేను చేయి అందించను.

ఇక కాగితాలు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలతో తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే స్పష్టం చేసింది. 182ఏ సెక్షన్ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. అదే కంపెనీ, అదే రకం ఇంజిన్ వేసుకోవడం వేరు. దానికి ఆర్టీవో అనుమతి అడగవచ్చు. పెట్రోలు జిప్సీకి టర్బో డీజిల్ ఆ కోవలోకి రాదు. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ మొదట చూసేదీ ఇదే. ఎదుటి మనిషికి దెబ్బ తగిలితే ఆ కుటుంబానికి మీరేం చెబుతారు?

కాబట్టి నా మాట ఇది. ఘాట్ రోడ్డు మీద టర్బో కావాలంటే కంపెనీయే టర్బోతో ఇచ్చిన బండి కొనుక్కోండి. మార్చిన బండి పోటీల కోసం, మూసిన ట్రాక్ కోసం ఉంచండి. మన దేశంలో మోటారు పోటీలకు నిబంధనలు పెట్టేది ఎఫ్‌ఎంఎస్‌సీఐ. మీ బండి ఏ తరగతిలోకి వస్తుందో, మనిషి చుట్టూ కట్టే ఉక్కు పంజరం, అంటే రోల్ కేజ్, ఎలా ఉండాలో ఆ నిబంధనలు తెప్పించుకుని చదివాకే వెల్డింగు మిషను ఆన్ చేయండి. ట్రాక్ దాకా బండిని లారీ మీద తీసుకెళ్లండి. సాలూరు లారీలు మనకు కొదవా?

తీసిన పాత ఇంజిన్‌ని మాత్రం స్క్రాప్‌కి వేయకండి. ఆర్సీలో ఉన్నది ఆ ఇంజిన్ నంబరే. సిలిండర్లలో కాస్త ఆయిల్ పోసి, ప్లగ్గులు బిగించి, ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ మూతులకు రేకు కొట్టి, స్టాండు మీద పెట్టండి. మౌంటింగులు, వైరింగు, పాత గేర్‌బాక్సు పక్కనే పేర్లు రాసి ఉంచండి. రేపు బండి మళ్లీ రోడ్డెక్కాలంటే అదే ఎక్కాలి. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి, వెనక వరసలోని పిల్లలతో మొదలుపెడదాం.