వన్‌టౌన్‌లో షట్టర్ల పైన చూడండి: పాత బెజవాడ కట్టడాల రివ్యూ

నమస్తే అండీ. ఈసారి విజయవాడ వన్‌టౌన్ రివ్యూ. బట్టల హోల్‌సేల్ గురించి వీడియోలు చాలానే ఉన్నాయి కాబట్టి నేను బిల్డింగుల గురించి మాత్రమే మాట్లాడతాను. కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర మొదలుపెట్టి మెయిన్ బజార్, సామారంగం చౌక్, శివాలయం వీధి, బ్రాహ్మణ వీధి మీదుగా అక్కన్న మాదన్న గుహల దాకా తీరిగ్గా నడవండి. ముందే చెప్పేస్తున్నా, ఈ ఊళ్లోనే పుట్టి పెరిగినవాళ్లు కూడా తప్పకుండా చూడాల్సిన దారి ఇది. త్వరగా చూడండి, ఎందుకంటే ఏడాదికేడాది చూడటానికి మిగిలేవి తగ్గిపోతున్నాయి.

అసలు ఊరు ఇక్కడే ఎందుకు పెరిగిందో ముందు చూద్దాం, అది తెలిస్తేనే ఈ వీధులు అర్థమవుతాయి. ఇంద్రకీలాద్రి కింద, కృష్ణ పక్కన, మొదట్లో ఇది చిన్న ఊరే. 1852లో ఆనకట్ట పని మొదలై 1855కి పూర్తయింది. దాని వెనక ఆర్థర్ కాటన్ ఆలోచన ఉంది, దగ్గరుండి కట్టించింది కెప్టెన్ చార్లెస్ ఓర్. ఆనకట్టతో పాటు కాలవలు వచ్చాయి: ఏలూరు కాలవ, బందరు కాలవ, రైవస్ కాలవ. ఇప్పుడు మనం వాటిని పొలాలకు నీళ్లిచ్చే కాలవలుగానే చూస్తాం కానీ అప్పట్లో అవే రోడ్లు. సరుకు పడవల మీద వచ్చేది, ఏలూరు కాలవలో వెళ్తే అక్కడ గోదావరి కాలవలు కలిసేవి. ఆ తర్వాత రైలు వచ్చింది. 1889లో నిజాం రైలు, 1893 ప్రాంతంలో కృష్ణ మీద రైలు వంతెన, 1899లో మద్రాసు లైను. పదేళ్లలో ఊరు జంక్షన్ అయిపోయింది. పడవల సరుకు, రైలు సరుకు రెండూ దిగే చోట అంగళ్లు లేవకుండా ఎలా ఉంటాయి? మున్సిపాలిటీ కూడా 1888లోనే ఏర్పడింది.

అదే రైలు ఊరిని రెండుగా కోసేసింది కూడా. పట్టాలకు ఇటు కొండ కింద వంకర వీధుల వన్‌టౌన్, అటు తిన్నటి రోడ్ల గవర్నరుపేట, బీసెంట్ రోడ్డు, గాంధీనగర్. పట్టాల కింద దారి ఉన్న 'లో బ్రిడ్జి' నుంచి ఒకసారి అటు వెళ్లి ఇటు వచ్చి చూడండి, వీధి వెడల్పులోనే రెండు కాలాలు కనిపిస్తాయి.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. మెయిన్ బజార్‌లో కంటికి ఎదురుగా చూస్తే ఏమీ కనపడదు, అంతా ఫ్లెక్సీలు, షట్టర్లు, అద్దాలు. కాస్త పైకి చూడండి. మొదటి అంతస్తులో చెక్క బాల్కనీ, దాన్ని మోస్తున్న ఇనుప బ్రాకెట్లు, ఆర్చి కింద రంగు గాజు ముక్కలు, పిట్టగోడ మీద సున్నంతో చేసిన పూలు, లక్ష్మీదేవి, కొన్నిచోట్ల కట్టిన సంవత్సరం. కింద వ్యాపారం, పైన కాపురం, వెనక గోడౌన్. ముందు వైపు వెడల్పు చాలా తక్కువ, లోపలికి మాత్రం పోతూనే ఉంటుంది, ఎందుకంటే బజారు మీద ప్రతి అడుగూ ఖరీదే, అందరికీ వీధి ముఖం కావాలి. మధ్యలో గాలికీ వెలుతురుకీ చిన్న మండువానో, ఖాళీ జాగానో వదిలేవాళ్లు. బ్రాహ్మణ వీధి వైపు వెళ్తే అరుగులు వస్తాయి, లేదా అరుగు కొట్టేసి బైకులు పెట్టుకున్న గుర్తులు.

పై కప్పు గురించి కాస్త ఎక్కువే మాట్లాడతాను, నాకు చాలా ఇష్టమైన విషయం. వీటిలో చాలావాటిది మద్రాసు టెర్రస్. టేకు దూలాలు వరసగా వేసి, వాటి మీద పల్చటి ఇటుకలను ఏటవాలు వరసల్లో నిలబెట్టి సున్నంతో అతికిస్తారు, దాని మీద ఇటుక ముక్కలు కలిపిన సున్నం పరిచి దిమ్మిస్తారు. ఇనుప ఊచ ఒక్కటి కూడా ఉండదు. దూలం ఎంత పొడుగుంటే గది అంతే వెడల్పు, అందుకే ఆ గదులన్నీ బారుగా ఉంటాయి. సున్నం గానుగలో రుబ్బేవాళ్లు. అది గోడలో చేరిన తేమను బయటికి వదులుతుంది కాబట్టి మన ఎండలకీ వానలకీ సరిపోయింది. ఇప్పుడు రిపేరు పేరుతో దాని మీద సిమెంటు పూస్తున్నారు, తేమ లోపలే ఉండిపోతుంది, నాలుగు వానలకి పెచ్చులూడతాయి, అప్పుడు అందరూ కలిసి "బిల్డింగ్ పాతబడిపోయిందండీ" అంటారు. పాతబడటం కాదు, వైద్యం తప్పింది.

ఓనర్లను నేను తప్పు పట్టను. వాటాలు నలుగురైదుగురికి ఉంటాయి, సున్నం పని తెలిసిన మేస్త్రీ దొరకడు, కారు లోపలికి రాదు, డెవలపర్ వచ్చి ఫ్లోరు ఇస్తానంటే వాళ్లు ఏం చేస్తారు? నా కోపం ఇంకో చోట ఉంది. 1958 నాటి పురాతన కట్టడాల చట్టం కింద రక్షణ రావాలంటే కట్టడానికి కనీసం వందేళ్లు ఉండాలి, జాతీయ ప్రాముఖ్యం కూడా ఉండాలి. కొండ కింద అక్కన్న మాదన్న గుహలకు ఆ రక్షణ దొరికింది, సరే, దొరకాల్సిందే. బజార్లో 1930ల నాటి అంగడి ఏ లెక్కలోకీ రాదు. బందర్ రోడ్డులో 1887లో పునాది వేసిన విక్టోరియా జూబిలీ హాలు, ఇప్పటి బాపు మ్యూజియం, బాగు చేశారు, 2020లో మళ్లీ తెరిచారు, చాలా సంతోషం. 1921లో కాంగ్రెస్ సమావేశాలకు గాంధీగారు వచ్చినప్పుడు పింగళి వెంకయ్యగారు జెండా చూపించిన ఊరు ఇది, ఆ జ్ఞాపకాన్ని అక్కడ చక్కగా నిలబెట్టారు. కానీ ఒక్క పెద్ద హాలు ఊరు కాదు కదా. ఈ ఊరికి డబ్బు తెచ్చింది, పేరు తెచ్చింది బజారు. నగరపాలక సంస్థ కనీసం వీధి వీధికీ ఫొటోలు తీసి ఒక జాబితా రాయాలి, పాత ముఖం ఉంచినవాళ్లకి పన్నులో రాయితీ ఇవ్వాలి, ఇది అంత కష్టమైన పనేం కాదు.

ఇక చూడటానికి వెళ్లేవాళ్లకి. ఆదివారం పొద్దున్నే వెళ్లండి, హోల్‌సేల్ షాపులు చాలావరకు మూసి ఉంటాయి, లోడింగ్ ఆటోలు ఉండవు. మార్కెట్ మాత్రం మామూలు రోజునే చూడాలి. దానికి పేరిచ్చిన అయ్యదేవర కాళేశ్వరరావుగారు ఆంధ్రప్రదేశ్ శాసనసభ తొలి స్పీకర్. లోపల కూరగాయల రద్దీ చూస్తే కాలవ ఒడ్డున సంత ఎందుకు పుట్టిందో ఇంకెవరూ చెప్పక్కర్లేదు. తర్వాత గాంధీ హిల్ ఎక్కండి, 1968లో ప్రారంభించిన 52 అడుగుల స్తూపం ఉంటుంది, అక్కడి నుంచి పట్టాలు, పెంకుటిళ్లు, వాటి మధ్య లేచిన అపార్ట్‌మెంట్లు అన్నీ ఒకేసారి కనిపిస్తాయి. మైనస్ ఏంటంటే ఎక్కడా ఒక్క బోర్డు లేదు, కరెంటు తీగలు ప్రతి ఫొటోకీ అడ్డం, పెద్దవాళ్లు కూర్చోడానికి చోటు లేదు. అయినా నా రేటింగ్ 5కి 4.

మీ తాతగారి ఇల్లో, కొట్టో వన్‌టౌన్‌లో ఉంటే, డెవలప్‌మెంట్‌కి ఇచ్చే ముందు పిట్టగోడ, తలుపు, పైకప్పు, వెనక జాగా ఫొటోలు తీయండి, కట్టిన ఏడాది, కట్టిన మేస్త్రీ ఊరు ఇంట్లో పెద్దవాళ్లని అడిగి రాసిపెట్టండి. పంపిస్తే వీధుల వారీగా ఇంకో వీడియో చేస్తాను, వించిపేట, ఇస్లాంపేట, కొత్తపేట వాళ్లు ముందు పంపండి, అటువైపు నేను ఇంకా సరిగ్గా తిరగలేదు.