నీడ, నీళ్లు, కుక్కలు: మా సీమలో మూడు పరుగు దారులు

నమస్తే అండీ. ఈసారి వీడియోలో షూ లేదు, వాచీ లేదు. దారుల రివ్యూ. పోయిన చలికాలం నుంచి ఈ తొలకరి దాకా కర్నూలు, అనంతపురం, కడప, ఈ మూడు పాత జిల్లాల్లో ఉరికిన దారుల్లో మూడింటిని ఏరుకొచ్చాను. పాత జిల్లాలని ఎందుకంటున్నానంటే, 2022లో జిల్లాలు విడగొట్టారు గానీ నా కాళ్లకు ఆ కొత్త హద్దులు ఇంకా అలవాటు కాలేదు.

మార్కుల లెక్క ముందే చెప్తా. నీడకు పది, నీళ్లకు పది, కుక్కలకు పది. కుక్కలకు పదీ రావాలంటే కుక్కలు ఉండకూడదు. చరిత్రకు మాత్రం మార్కుల్లేవు. సీమలో ఏ రోడ్డెక్కినా ఏదో ఒక బురుజో, గుడో, శాసనమో తగులుతుంది. తగలంది నీడే.

మొదటిది తొందరగా కానిచ్చేస్తా. కర్నూలు దాటినాక కె.సి. కాలువ గట్టు, అంటే కర్నూలు-కడప కాలువ. తుంగభద్ర మీద సుంకేశుల దగ్గర మొదలై కడప దాకా పోయే కాలువ. 1860ల్లో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అని ఒక ఇంగ్లీషు కంపెనీ తవ్వించింది. సాగుకే కాదు, పడవలు కూడా నడపాలనుకున్నారు. వాళ్లకు గిట్టుబాటు కాలేదు, 1882లో ప్రభుత్వం కొనేసింది. మనకు పనికొచ్చే సంగతి ఏందంటే, పడవ పోవాలని తవ్విన కాలువ కదా, గట్టు ఎక్కడా ఎక్కుడుండదు. నా వాచీలో ఎత్తు గీత చూడండి, స్కేలు పెట్టి గీసినట్టుంది. వేపచెట్లు, కానుగ చెట్లు, పక్కన నీళ్లు. నీడకు తొమ్మిది, నీళ్లకు ఆరు. ఆరే ఎందుకంటే అవి చూసుకోవడానికే గానీ తాగడానికి కాదు. ఎండాకాలంలో చూసుకోవడానికీ ఉండవు. కుక్కలకు రెండు. ఆ రెండు కూడా ఒక కుక్క నన్ను చూసి కళ్లు తెరిచి మళ్లీ పడుకున్నందుకు. పది కిలోమీటర్లు మాట్లాడుకుంటూ ఉరకాలంటే ఇంతకన్నా మంచి దారి లేదు. కానీ ఒంటరిగా పోతే ఆరో కిలోమీటరుకు ఆవులింత వస్తుంది.

ఇక గండికోట. జమ్మలమడుగు నుంచి కోటకు 15 కిలోమీటర్ల దాకా ఉంటుంది. రానూపోనూ అంటే అందరి వల్లా కాదు, నా వల్లా కాలేదు. సగం దారిలో బండి ఆపి అక్కడి నుంచి మొదలుపెట్టాను. జనవరి, తెల్లారి ఐదున్నర. రెండు పక్కలా నల్లరేగడి, శనగ చేలు. ఇక్కడొక చిన్న పొరపాటు చేశాను, మీరు చేయొద్దు. తారు రోడ్డు కాళ్లకు గట్టిగా ఉందని చేని గట్టు మీదికి దిగాను. శనగ ఆకు మీద పడిన మంచులో పులుపు దిగుతుంది. ఆ తడి మడమల పైన, సాక్సు ఆగిపోయే చోట తగిలి, పావుగంటకల్లా దురద, మంట. ఆ పులుపు గురించి మా జేజి చెప్పేది. రాత్రిపూట చేని మీద తెల్లగుడ్డ పరిచి, తెల్లారినాక పిండి సీసాలో పట్టుకునేవాళ్లంట, కడుపునొప్పికి మందుగా. చిన్నప్పుడు కథ అనుకున్నా. ఇప్పుడు నా కాళ్లే సాక్ష్యం.

రోడ్డు పక్క కంచెలు చూశారా? కర్రలు కాదు, బండలు. నాపరాళ్లను నిలబెట్టి పాతేశారు. పొద్దు వాటి మీద పడినప్పుడు వరసగా నీడలు రోడ్డుకు అడ్డం పడతాయి. ఒక్కో నీడకూ ఒక్కో అడుగు వేస్తూ పోతే అడుగు తాళం దానంతటదే కుదురుతుంది. నా పరుగు మొత్తంలో బాగా నచ్చిన రెండు కిలోమీటర్లు అవే. యూట్యూబులో గండికోట వీడియోలు లోయ దగ్గరే మొదలై లోయ దగ్గరే అయిపోతాయి. ఈ దారిని ఎవరూ చూపించరు. కారులో పోయేవాళ్లకు ఇది దాటేయాల్సిన రోడ్డు, అంతే.

చివర్లో ఎక్కుడు. ఊపిరి అందదు, సిగ్గుపడకుండా నడవండి. కోట గోడ చుట్టుకొలత 5 మైళ్లంటారు, అంటే 8 కిలోమీటర్లు. ఆ లెక్క వినగానే నా బుర్రలో పురుగు తొలిచింది, ఒక రౌండు కొట్టేద్దామని. అది అయ్యే పని కాదు. ఎర్రమల కొండల్ని పెన్న కోసుకుంటూ పోయిన వైపు లోయే కోటకు కాపలా. అక్కడ మంచాలంత బండలు, బండల మధ్య సందులు, సందుల్లో తుమ్మకంప. రంగనాథుని గుడి వెనక రెండు బండలు దూకాను, మూడో దాని మీద జారాను. మోకాలు చెక్కుకుపోయింది, ఫోను లోయలోకి పోవాల్సింది, ఒక పగులులో ఇరుక్కుని బతికింది. అందుకే ఆ షాటు అలా ఆకాశం వైపు ఉంది, స్టైలు కోసం కాదు. లోయ సుమారు 300 అడుగులు. కాబట్టి గుడి దాకా పరుగు, అక్కడి నుంచి నడక. ఇది సలహా కాదు, బతిమాలుకోవడం.

లోపల పరుగు బాగుంటుంది. కోటలోనే ఊరుంది, ఇళ్ల ముందు కళ్లాపి చల్లుతుంటారు. మాధవరాయ స్వామి గోపురం, జామియా మసీదు, దాని పక్కనే ధాన్యాగారం, ఇవన్నీ ఒక కిలోమీటరు లోపలే. ధాన్యాగారంలోకి అడుగుపెట్టగానే ఒంటి మీద చెమట చల్లబడుతుంది, అంత మందం గోడలు. పెమ్మసాని నాయకుల నుంచి ఈ కోటను గోల్కొండ తరఫున మీర్ జుమ్లా గెలుచుకున్నాడు. ఆయన్ను కలుసుకోవడానికి 1652లో టావెర్నియే అనే ఫ్రెంచి నగల వ్యాపారి ఇక్కడి దాకా వచ్చాడు. ఆయన ఎక్కిన ఎక్కుడూ ఈ కొండదే.

మసీదు దగ్గర అరుగు మీద కూర్చున్న తాత అడిగాడు: "ఏంరా అబ్బీ, ఎవురన్నా తరుముకుంటాండారా?"

"లేదు తాతా, ఊరికే ఉరుకుతాండా."

"ఊరికే ఎవురన్నా ఉరుకుతారా?"

నా దగ్గర జవాబు లేదు. ఈ వీడియో చూసేవాళ్లలో ఎవరికైనా తెలిస్తే ఆ తాతకు పోయి చెప్పండి.

గండికోటకు నీడకు మూడు, ఆ మూడూ ధాన్యాగారానివే. నీళ్లకు ఏడు, ఊళ్లో ఎవరినడిగినా ఇస్తారు. కుక్కలకు ఎనిమిది.

మూడోది, అసలు ఈ వీడియో ఎందుకు చేస్తున్నానో ఆ దారి. గుత్తి నుంచి పత్తికొండ పోయే రోడ్డు, ఎర్రగుడి దాకా. మొదలు అనంతపురం జిల్లాలో, చివర కర్నూలు జిల్లాలో. ఒకవైపే 13 కిలోమీటర్ల దాకా ఉంటుంది. తిరుగు ప్రయాణం ఆటోలో వచ్చాను, దాచేదేముంది. వెనక గుత్తి కోట. ఎంత దూరం పోయినా తల తిప్పితే కనపడుతూనే ఉంటుంది, ఇంటి దగ్గర అమ్మ చూస్తున్నట్టు. ముందర ఏమీ లేదు. ఎర్రనేల, రాళ్లు, రోడ్డు. చెట్టు లెక్కపెడదామని మొదలుపెట్టి, వేలు ముడవడం మరిచిపోయాను.

ఎర్రగుడి దగ్గర గుట్ట మీద అశోకుడి శాసనాలున్నాయి. క్రీస్తుకు ముందు మూడో శతాబ్దం, బ్రాహ్మీ లిపి, ప్రాకృతం. మన కర్నూలు జిల్లా బండల మీద. చేలకు పోయేవాళ్లు ఎన్ని తరాలుగానో చూస్తూనే ఉండి ఉంటారు. 1920ల చివర్లో ఒక భూగర్భ శాస్త్రవేత్త కంటపడినాక లోకానికి తెలిసింది. పెద్ద శాసనాలు పద్నాలుగూ ఇక్కడున్నాయి, చిన్న శాసనం కూడా ఉంది. నేను మెట్లెక్కి బండ ముందు నిలబడేసరికి సీసాలో నీళ్లు అయిపోయాయి, నెత్తిన ఎండ. అప్పుడు గుర్తొచ్చింది, పెద్ద శాసనాల్లో రెండోదాంట్లో ఏముందో. మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేశాను, దారుల వెంట బావులు తవ్వించాను, చెట్లు నాటించాను అంటాడాయన. అదీ ఈ బండ మీదే! ఏడుపు రాలేదు, నవ్వొచ్చింది. రెండువేల రెండొందల ఏళ్ల కిందటే నా మార్కుల పట్టిక ఎవరో చెక్కి పెట్టారు.

చిన్న శాసనంలో ఇంకో తమాషా ఉంది. కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి పోతాయి, వాటి తర్వాతవి కుడి నుంచి ఎడమకి వస్తాయి. ఎద్దులు చేని చివర తిరిగి పక్క సాలు పట్టుకున్నట్టు. గుట్ట దిగి చూస్తే కింద చేన్లో అచ్చం అలాగే దున్ని పెట్టారు. కెమెరా ఒక్కసారి బండ నుంచి చేను వైపు తిప్పాను, కట్ లేదు, చూడండి.

ఈ రోడ్డు ఇంకా పైకి పోతే పత్తికొండ. 1827 జులైలో మద్రాసు గవర్నరుగా ఉన్న థామస్ మన్రో పర్యటనకొచ్చి, కలరాతో అక్కడే చనిపోయాడు. 1800 నుంచి ఏడేళ్లు ఈ దత్తమండలాలకు కలెక్టరుగా తిరిగిన మనిషి. ముందు గుత్తిలోనే పూడ్చారు, తర్వాత మద్రాసుకు తీసుకుపోయారు. పత్తికొండలో ఆయన గుర్తుగా ఏం కట్టారో తెలుసా? తోట వేశారు, మెట్ల బావి తవ్వించారు. మళ్లీ చెట్టు, మళ్లీ నీళ్లు. ఈ రోడ్డు మీద నడిచినోళ్లందరికీ కావాల్సింది ఒకటే ఉన్నట్టుంది.

నేను పోయింది జూన్‌లో, మొదటి వానలు పడిన రెండు రోజులకు. అందుకే చేలల్లో అంత జనం. విత్తనానికి కాదు, వజ్రాలకు. తుగ్గలి, జొన్నగిరి చుట్టుపక్కల వాన కడిగిన నేల మీద వజ్రం తళుక్కుమంటుందని ఎక్కడెక్కడి నుంచో వచ్చి వంగి వెతుకుతుంటారు. నడుము ఎత్తరు, తల తిప్పరు. వాళ్ల పక్కనుంచి నేను ఆయాసపడుతూ పోతుంటే ఒక పెద్దమ్మ మాత్రం లేచి నిలబడింది.

"ఏం దొరికింది నాయనా, అట్ల పరిగెత్తుతాండావు?"

నాకేమీ దొరకలేదని నమ్మించడానికి రెండు చేతులూ చూపించాల్సొచ్చింది. నా ఖాళీ సీసా చూసి, కొంగులో చుట్టి పెట్టుకున్న బాటిలు తీసి ఇచ్చింది. సగమే ఉన్నాయి. వద్దంటే వినలేదు, "నువ్వు ఉరికేటోడివి, నేను కూచునేదాన్ని" అంది. పొద్దున్నుంచి వంగి ఉన్న మనిషి!

గుత్తి నుంచి ఎర్రగుడి, కుక్కలకు తొమ్మిది. నీళ్లకు సున్నా రాసుకున్నా, ఆ పెద్దమ్మ తర్వాత కొట్టేసి ఐదు చేశాను. నీడకు సున్నా అలాగే ఉంది.