యుద్ధం ఆగాక ఆస్పత్రిలో ఎవరుంటారు?

శ్రోతలకు నమస్కారం.

యుద్ధం ఆగిన దేశాల నుంచి ఒక ఫొటో తప్పకుండా వస్తుంది. కొత్తగా రంగులేసిన ఆస్పత్రి, గుమ్మానికి రిబ్బను, చేతిలో కత్తెరతో ఎవరో పెద్దమనిషి. ఆ ఫొటో చూస్తే నాకు కొంచెం అనుమానం. ఆరు నెలలు పోయాక అదే గుమ్మం ముందు ఇంకో ఫొటో ఎవరూ తీయరు కదా! లోపల నర్సు ఉందా, ఆమెకు పోయిన నెల జీతం అందిందా అన్నది అందులో పడదు. ఈ పూట ఆ జీతం గురించే మాట్లాడదామనుకుంటున్నాను.

కంబోడియా సంగతి చూడండి. 1975 నుంచి 1979 దాకా అక్కడ ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టు దళం పాలన. చదువుకున్నవాడు కావడమే నేరమైన రోజులవి. అంతకుముందు దేశంలో దాదాపు 500 మంది డాక్టర్లుండేవారు. ఆ పాలన పోయేసరికి 50 మంది కూడా మిగల్లేదు. కొందరిని చంపేశారు, కొందరు ఆకలితో, జబ్బులతో పోయారు, కొందరు దేశం దాటేశారు. కూలిన గోడను ఏడాదిలో లేపొచ్చు. డాక్టరు తయారవడానికి ఆరేడేళ్లు కావాలి. పాఠం చెప్పేవాళ్లే లేకపోతే ఆ ఆరేడేళ్లు ఎక్కడ మొదలుపెట్టాలి?

సరే, ఎలాగో కొత్తవాళ్లను తయారుచేశారు. 1990లలో బయటి సాయం కూడా వచ్చింది. కానీ ప్రభుత్వ ఉద్యోగి జీతం ఇల్లు గడవడానికి చాలేది కాదు. దాంతో పొద్దున కాసేపు ఆస్పత్రిలో కనిపించి, మిగతా రోజంతా సొంత ప్రాక్టీసు చూసుకునేవారు. వాళ్లను తిట్టడం తేలికే, వాళ్లకూ పిల్లలున్నారు. రోగి దగ్గర చేయి చాచడం మామూలైపోయింది. వైద్యం కోసం అప్పు చేసి, పొలం అమ్ముకున్న కుటుంబాలెన్నో. 2000 నుంచి అక్కడ ఒక ఉపాయం మొదలైంది. పేదవాడి బిల్లును ఒక నిధి నుంచి ఆస్పత్రికే కట్టేస్తారు. ఆ డబ్బులో కొంత సిబ్బందికి చేరుతుంది. అప్పటిదాకా బరువుగా కనిపించిన పేద రోగి, ఆస్పత్రికి రాబడి తెచ్చే మనిషయ్యాడు. దయాగుణం మీద ఆధారపడకుండా లెక్కల మీద నడిచే ఏర్పాటు ఇది. నాకు నచ్చింది కూడా అందుకే.

లైబీరియాలో యుద్ధం 2003లో ముగిసింది. పదకొండేళ్ల తర్వాత, 2014లో ఎబోలా వచ్చింది. శవాన్ని తాకినా అంటుకునే ప్రాణాంతకమైన జబ్బు అది. నలభై లక్షలు దాటిన జనాభాకు డాక్టర్లు 50 మంది ప్రాంతంలో ఉన్నారు. చాలాచోట్ల గ్లవ్స్ కూడా చాలలేదు. జనం మొదట్లో ప్రభుత్వం మాట నమ్మలేదు. ఏళ్ల తరబడి తుపాకులు తప్ప ప్రభుత్వాన్ని చూడనివాళ్లు, ఆ ప్రభుత్వమే ఉన్నట్టుండి వచ్చి మీవాళ్ల శవాలను మాకివ్వండి అంటే ఎలా నమ్ముతారు? 4,800 మందికి పైగా చనిపోయారు. అందులో 190 మందికి పైగా ఆరోగ్య సిబ్బందే. అసలే కొరతగా ఉన్న మనుషుల్లోంచి పోయిన 190 మంది!

రువాండా దారి వేరు. 1994 మారణహోమం తర్వాత అక్కడ ఊరివాళ్లే తమలోంచి ఆరోగ్య కార్యకర్తలను ఎన్నుకునే పద్ధతి పెట్టారు. 2000లో ప్రతి వెయ్యి మంది పిల్లల్లో 180 మందికి పైగా అయిదేళ్లు నిండకుండానే పోయేవారు. 2015 నాటికి ఆ సంఖ్య 50 దగ్గరకు దిగింది.

ఇక నేను ఎక్కువసేపు ఆగాలనుకున్నది అఫ్గానిస్తాన్ దగ్గర. 2002లో అక్కడ ప్రసూతి మరణాల మీద సర్వే చేశారు. కాబూల్ నగరంలో లక్ష కాన్పులకు 400 మందికి పైగా తల్లులు చనిపోతున్నారు. కొండల్లోని బదఖ్‌షాన్‌లో ఒక జిల్లాలో చూస్తే ఆ లెక్క 6,500. సర్వే చేసిన చాలాచోట్ల ఎక్కువమంది ప్రాణం తీసింది రక్తస్రావమే. కాన్పు అయ్యాక అది ఆగకపోతే రెండు గంటల్లో మనిషి దక్కకుండా పోవచ్చు. ఆపడానికి ముందుగా కావలసింది గర్భసంచిని బిగించే ఆక్సిటోసిన్ అనే మందు ఇంజెక్షన్, ఆ తర్వాత గర్భసంచి బిగుసుకునేదాకా పొత్తికడుపును గట్టిగా రుద్దే చేయి. ఆ మందును 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. అంటే ఫ్రిజ్ కావాలి, ఫ్రిజ్‌కి కరెంటు కావాలి, రోజూ థర్మామీటరు చూసి రాసే మనిషి కావాలి.

ఆ మనిషి కోసమే పల్లెల నుంచి అమ్మాయిలను ఎంపికచేసి, కాన్పులు చేసే మిడ్‌వైఫ్‌లుగా రెండేళ్ల లోపు శిక్షణ ఇచ్చి, తిరిగి వాళ్ల ఊళ్లకే పంపారు. ఇంట్లో ఒప్పుకోవాలి కాబట్టి హాస్టలు పెట్టారు. చంటిబిడ్డల తల్లులుంటారు కాబట్టి బిడ్డలను చూసుకునే గది కూడా పెట్టారు. ఇంత చిన్న విషయం ఆలోచించినవాళ్లెవరో గానీ, వాళ్లకు పల్లె తెలుసు. కాన్పు నొప్పులకు మగ డాక్టరును పిలవని ఇళ్లకు ఈ అమ్మాయిలు వెళ్లగలిగారు.

ఆ జీతాలన్నీ దాదాపు బయటి దేశాల డబ్బే. 2021 ఆగస్టులో తాలిబన్లు కాబూల్ చేరారు, దాతలు డబ్బు ఆపేశారు. తుపాకీ గుండు తగలకుండానే ఆస్పత్రులు మూతపడే స్థితికి వచ్చాయి. ఆ నవంబరు నుంచి రెడ్‌క్రాస్ అంతర్జాతీయ కమిటీ ముందుకొచ్చి, 33 ఆస్పత్రుల దాకా సిబ్బందికి జీతాలిచ్చింది. 2023 ఆగస్టులో అదీ ఆగింది. తర్వాత 2024 డిసెంబరులో ఆడవాళ్లు మిడ్‌వైఫ్, నర్సు కోర్సులు చదవకూడదని ఆజ్ఞ వచ్చింది. క్లాసులో కూర్చున్న అమ్మాయిలను ఇళ్లకు పంపేశారు.

మొదటి బ్యాచ్‌లలో చదివినవాళ్లలో చాలామందికి ఇప్పుడు నలభై దాటి ఉంటాయి. వాళ్ల పక్కన నిలబడి పని నేర్చుకోవలసిన అమ్మాయి మాత్రం పుస్తకాలు మూసి ఇంట్లో కూర్చుంది.

సెలవు.